గోండు చిత్రం వెనక ప్రధాన్ పాట

రెండేళ్ళ కిందట మా పాఠశాల ప్రహరీ గోడ మీద బొమ్మలు వేయించారు. పట్నం నుంచి వచ్చిన పెయింటర్ సెల్‌ఫోన్‌లో ఒక బొమ్మ చూసుకుంటూ వేశాడు. ఒక జింక. దాని కొమ్ములే చెట్టు కొమ్మలై పెరిగాయి, ఆకులు తొడిగాయి, వాటి మీద పిట్టలు వాలాయి. జింక ఒళ్ళంతా చుక్కలు, సన్నని గీతలు. కింద ‘గోండు చిత్రకళ’ అని పెద్ద అక్షరాలతో రాశాడు. సాయంత్రం ఏడో తరగతి పిల్ల ఒకతె ఆ గోడ ముందు నిలబడి నన్ను అడిగింది: “టీచర్, ఇది మనదేనా? మా ఇంట్లో ఎవరూ ఇట్ల వెయ్యరు కదా?”

“మనదే” అన్నాను. పిల్ల సంతోషంగా వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ జవాబు మీద అనుమానం పట్టుకుంది. నేను చెప్పింది అబద్ధం కాదు, అట్లని పూర్తి నిజమూ కాదు. ఆ జింక పుట్టింది మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే ఊళ్ళో. దాన్ని పుట్టించినవాళ్ళు ప్రధాన్లు. ప్రధాన్ అంటే మన గోండు రాజుల కథలు, మన దేవుళ్ళ కథలు పాడే మనిషి. తాతముత్తాతల కాలం నుంచీ వాళ్ళ బతుకు బొమ్మతో గడవలేదు, వాయిద్యంతో గడిచింది. ఒక గాయకుడి బతుకు అతని మనవడి చేతిలో చిత్రంగా ఎలా మారిందో తెలుసుకోకుండా ఆ జింకను మనం చదవలేం. తెలుసుకున్నాక మాత్రం, గోండు ఇంట్లో పుట్టిన నాలాంటివాళ్ళకు ఒక బాకీ కూడా కనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ రెండిటి గురించి.

ముందు పాట సంగతి. మండ్లా, డిండోరి ప్రాంతంలో చెప్పుకునే కథ ఒకటి ఉంది. ఏడుగురు గోండు అన్నదమ్ములు. బడాదేవ్ వాళ్ళ మీద అలిగి నల్లమద్ది చెట్టులో దాగాడు. పెద్దవాళ్ళు ఎంత వేడుకున్నా కదల్లేదు. అందరికన్నా చిన్నవాడు ఒక తంత్రీ వాయిద్యం తయారుచేసి, ఆ చెట్టు కింద కూర్చుని వాయించాడు. దేవుడు మెత్తబడ్డాడు. అప్పటినుంచి పెద్దన్నలు పొలం దున్నాలి, చిన్నవాడు పాడాలి, పండినదాంట్లో అతనికి భాగం ఇవ్వాలి అని కట్టుబాటు. ఆ చిన్నవాడి సంతానమే ప్రధాన్లు. ఆ వాయిద్యం పేరు బానా. గుర్రపు వెంట్రుకల తీగలు మూడు, కమానుతో రాసి వాయిస్తారు. ప్రధాన్‌కి అది వట్టి వాయిద్యం కాదు, బడాదేవ్ కూర్చునే చోటు. దాన్ని ముట్టుకునే ముందు దండం పెడతారు.

ఆదిలాబాద్ వాళ్ళకు ఇదంతా కొత్తగా ఉండదు. మన దగ్గర దాన్ని కిక్రి అంటాం. మన పెర్సపేన్ పూజ ప్రధాన్ లేకుండా జరగదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశంవాళ్ళు గోదావరి నీళ్ళు తేవడానికి కాలినడకన బయలుదేరితే ప్రధాన్లు వెంట ఉండాల్సిందే. కిక్రి, పెప్రె, డోలు వాళ్ళ చేతుల్లో ఉంటాయి. ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే ప్రధాన్లు కూడా దేవుడి కథ ఎత్తుకుంటే గోండిలోనే పాడతారు. మన వంశాల పుట్టుక, ఏ గోత్రానికి ఎంతమంది దేవుళ్ళు, ఎవరు ఎవరికి సోదరులు, ఏ ఇంటి పిల్లను ఏ ఇంటికి ఇవ్వకూడదు అన్నవి మనకు పుస్తకంలో లేవు. ప్రధాన్ గొంతులో ఉన్నాయి. 1940లలో మార్లవాయిలో ఉండి మన గురించి రాసిన హైమన్‌డార్ఫ్ కూడా మన పురాణాల కోసం ప్రధాన్ల దగ్గరే కూర్చోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ గాయకుడి బతుకు ఎలా ఉండేదో చూద్దాం. పాటన్‌గఢ్‌లో వెరియర్ ఎల్విన్‌తో కలిసి పనిచేసిన శ్యామ్‌రావ్ హివాలే 1946లో ఎగువ నర్మద ప్రధాన్ల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. ప్రధాన్ మూడేళ్ళకొకసారి తన గోండు యజమాని ఇంటికి వెళ్ళేవాడు. అడవిదారిన ఊరూరూ నడిచి వెళ్ళేవాడు. యజమాని వంశాన్ని పాడేవాడు, వాళ్ళ రాజుల కథలు పాడేవాడు, వాళ్ళ ఇంట్లో చనిపోయినవాళ్ళను పేరుపేరునా తలచుకునేవాడు. ధాన్యం, బట్టలు, పశువు, ఒక్కోసారి నగ, ఏది ఇస్తే అది తీసుకుని తిరిగి నడిచేవాడు. గోండువానీ, పాండవానీ, రామాయణీ కథలు గంటలు, రాత్రులు సాగేవి. అంటే ఈ గాయకుడు మూడు పనులు చేస్తాడు. నడుస్తాడు, చూసింది గుర్తుపెట్టుకుంటాడు, దేవుణ్ణి పిలుస్తాడు. ఈ మూడూ గుర్తుంచుకోండి. తర్వాత బొమ్మల్లో మళ్ళీ కనిపిస్తాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా సరే. కథలో తమ్ముడైన ప్రధాన్‌ని ఊళ్ళో మనం తమ్ముడిగా చూడలేదు. పాడటానికి పిలిచాం, పక్కన కూర్చోబెట్టుకోలేదు. అతని చేతి అన్నం తినలేదు. అతను లేకపోతే మన దేవుడు లేవడు, అయినా అతను మనకన్నా తక్కువ. ఇది నర్మద ఒడ్డునా ఉంది, ప్రాణహిత ఒడ్డునా ఉంది. మా ఇంట్లోనూ ఉండేది.

అడవి మీద హక్కు పోయి, భూములు పోయి, గోండు యజమానే కూలికి పోయే రోజులు వచ్చాక గాయకుడికి ఇచ్చేవాడు లేకపోయాడు. మూడేళ్ళకొకసారి వెళ్ళే దారి మూసుకుపోయింది. బానాలు చూరులో వేలాడాయి. జంగఢ్ సింగ్ శ్యామ్ పుట్టి పెరిగింది ఆ మూగబోతున్న కాలంలో. పాటన్‌గఢ్‌లో ప్రధాన్ ఇంటి కుర్రాడు. చదువు ఎక్కువ సాగలేదు. 1980ల మొదట్లో భోపాల్‌లో భారత్ భవన్ కడుతున్నప్పుడు, చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందాలు ఊళ్ళు తిరుగుతూ ఒక ఇంటి గోడ మీద ఈ కుర్రాడి బొమ్మ చూశాయి. భోపాల్ రమ్మన్నారు. 1982లో భారత్ భవన్ తెరిచినప్పుడు జంగఢ్ బొమ్మలు అక్కడ ఉన్నాయి. ఆ తర్వాత అక్కడే అచ్చుచిత్రాల విభాగంలో పనిచేశాడు. 1986లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం శిఖర్ సమ్మాన్ ఇచ్చింది. 1989లో పారిస్ పాంపిడూ కేంద్రంలో ప్రపంచ దేశాల కళాకారులతో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆయన బొమ్మలు పెట్టారు. భోపాల్ విధాన భవన్ గోడల మీద కూడా ఆయన చేతి పని ఉంది.

పేరు వచ్చిన కథ అందరూ చెబుతారు. నేను అడగదలచుకున్నది వేరు. ఆ కుర్రాడు కాగితం ముందు కూర్చున్నప్పుడు, తరతరాల గాయకుల బతుకు అతనికి ఏం ఇచ్చింది?

పాడేవాడి బొమ్మ వేయమని అతనికి ఎవరైనా చెప్పి ఉంటే, చెట్టు కింద బానా పట్టుకుని కూర్చున్న ముసలాయనను వేసి ఊరుకునేవాడు. మనం పాఠశాలల్లో పిల్లలతో వేయించేది అదే. జంగఢ్ వేసింది బడాదేవ్‌ని, ఠాకూర్‌దేవ్‌ని, ఊరి దేవతలను. వీళ్ళకు అంతకుముందు ముఖం లేదు. గోండు దేవుడు చెట్టులో ఉంటాడు, రాతిలో ఉంటాడు, ఇనుప ముక్కలో ఉంటాడు. అతని రూపం ఏమిటని ఎవరూ అడగలేదు. ప్రధాన్ పాడుతున్నంతసేపూ విన్నవాళ్ళ మనసులో ఒక ఆకారం కదిలేది, పాట ఆగితే అదీ పోయేది. జంగఢ్ ఆ కదిలే ఆకారాన్ని కాగితం మీద పట్టుకున్నాడు. అందుకే ఆయన దేవుళ్ళు గుళ్ళో విగ్రహాల్లా కుదురుగా నిలబడరు. కాళ్ళ కింద నేల గీత ఉండదు, వెనక కొండా ఆకాశమూ ఉండవు. అప్పుడే ఎవరో పిలిస్తే వచ్చినట్టు ఖాళీ కాగితంలోంచి లేస్తారు. పిలవడం ప్రధాన్ పని. తాత గొంతుతో చేసిన పనిని మనవడు కుంచెతో చేశాడు. పాట నుంచి బొమ్మకు వచ్చిన మొదటి ఆస్తి ఇదే అని నేననుకుంటాను.

భోపాల్ రచయిత ఉదయన్ వాజ్‌పేయి ఈ చిత్రాలకు ‘జంగఢ్ కలం’ అని పేరు పెట్టాడు. పాత రోజుల్లో రాజ్‌పుత్, పహాడీ చిత్రాల పద్ధతులను ‘కలం’ అనేవాళ్ళు. ఆ గౌరవాన్ని ఒక ఆదివాసీ కళాకారుడి పేరుకు ఇవ్వడం మంచి పని. ప్రధాన్ సంగీతమే ఈ బొమ్మలుగా మారిందని, బొమ్మల నిండా కనిపించే చుక్కలు ఆ పాట స్వరాలేనని ఆయన వాదన. మొదటిసారి ఈ మాట విన్నప్పుడు నాకు చాలా నచ్చింది. ఇప్పుడు దీంట్లో సగమే ఒప్పుకుంటాను.

ఒప్పుకునే సగం ఇది. జంగఢ్ చుక్కలు రంగు నింపడానికి వేసినవి కావు. జింక ఒంటి మీద వరసగా నడుస్తాయి. మెడ వంగిన చోట వంగుతాయి, పొట్ట దగ్గర వెడల్పవుతాయి, కాలి గిట్ట దగ్గరకు వచ్చేసరికి దగ్గరపడతాయి. చూసే కన్ను ఒక్కసారిగా బొమ్మ మొత్తాన్ని అందుకోలేదు, ఆ వరస వెంట నడవాలి. కిక్రి విన్నవాళ్ళకు ఈ నడక తెలుసు. గాయకుడు ఒక చరణం అంటాడు, కమాను అదే వరసను మళ్ళీ అంటుంది, కథ కొంచెం జరుగుతుంది, మళ్ళీ అదే వరస. కొత్తగా విన్నవాడికి ‘ఎన్నిసార్లు ఇదే’ అనిపిస్తుంది. రాత్రంతా కూర్చున్నవాడికి, ఆ తిరిగి తిరిగి రావడమే కథను మోస్తోందని తెలుస్తుంది. జంగఢ్ బొమ్మలో చుక్క చేసే పని అదే.

ఒప్పుకోని సగం ఇది. చుక్కే స్వరమైతే, చుక్కలున్న ప్రతి బొమ్మా పాటే కావాలి. మా గోడ మీది జింకకూ చుక్కలున్నాయి, బజారులో అమ్మే దిండు గలీబులకూ ఉన్నాయి. వాటిలో ఏమీ వినపడదు. పైగా ఆ వాదన మొత్తం ఘనతను బానా పట్టుకున్న మగవాళ్ళకే ఇస్తోంది. పాటన్‌గఢ్ ఇళ్ళల్లో గోడలకు, నేలకు తెల్లమట్టితో, ఎర్రమట్టితో దిగ్నా వేసేది ఆడవాళ్ళు. పండగకు, పెళ్ళికి మూలల్నీ గడపల్నీ కలుపుతూ వంకలు, కోణాలు తీర్చేది వాళ్ళు. గోడ మీద మట్టితో ఉబ్బెత్తుగా బొమ్మలు దిద్దేదీ వాళ్ళే. ఒంటి మీద పచ్చబొట్టు చుక్కలు మోసిందీ వాళ్ళే. జంగఢ్ భార్య నన్‌కుసియా శ్యామ్ స్వయంగా చిత్రకారిణి. దుర్గాబాయి వ్యామ్ చిన్నప్పుడు ఇంట్లోని పెద్దల దగ్గర నేర్చుకున్న దిగ్నాతోనే మొదలుపెట్టి 2022లో పద్మశ్రీ దాకా వచ్చింది. కాబట్టి నేను ఇలా చెబుతాను: ఈ చిత్రానికి చెయ్యి ఇచ్చింది ఇంట్లో గోడ అలికిన ఆడమనిషి, ఊపిరి ఇచ్చింది ఊళ్ళు తిరిగి పాడిన గాయకుడు. గాయకుడి బతుకు చిత్రకారుడికి ప్రేరణ ఇస్తుంది, నిజమే. కానీ ఆ ప్రేరణ నిలబడటానికి ఒక గోడ, ఆ గోడను దిద్దిన చెయ్యి ముందే ఉండాలి.

ఇంకో పోలిక గమనించండి. భోపాల్‌లో కుదురుకున్నాక జంగఢ్ ఒక్కడే ఉండలేదు. ఊరి నుంచి తమ్ముళ్ళ వరస వాళ్ళను, మేనల్లుళ్ళను, బంధువులను పిలిపించాడు. వాళ్ళు ఆయన ఇంట్లోనే ఉండి, ఆయన గీసిన బొమ్మల్లో చుక్కలు నింపుతూ పని నేర్చుకున్నారు. భజ్జు శ్యామ్, వెంకట్ శ్యామ్, రామ్‌సింగ్ ఉర్వేతి లాంటివాళ్ళు అలా వచ్చినవాళ్ళే. ఇది ఆర్ట్ స్కూలు పద్ధతి కాదు, పాటగాళ్ళ మేళం పద్ధతి. మేళంలో చిన్నవాడు ముందు వంతపాట పాడతాడు, తర్వాత తన గొంతు తెచ్చుకుంటాడు. ఇక్కడా అంతే జరిగింది. పేరున్న ప్రతి ప్రధాన్ చిత్రకారుడికి బొమ్మ లోపల నింపే గీత ఒకటి సొంతంగా ఉంటుంది. ఒకరిది గొలుసులా, ఒకరిది విత్తనాల్లా, ఇంకొకరిది నీటి అలల్లా. సంతకం చూడకుండానే ఇది ఫలానావాళ్ళ పని అని చెప్పొచ్చు. మనం పాటగాళ్ళ విషయంలో దీన్ని బాణీ అంటాం. సెల్‌ఫోన్ చూసి వేసిన బొమ్మలో లేనిది ఈ బాణీయే.

నడక సంగతి చూద్దాం. భజ్జు శ్యామ్‌ని లండన్‌లో ఒక రెస్టారెంటు గోడలకు బొమ్మలు వేయడానికి పిలిచారు. రెండు నెలలున్నాడు. తిరిగి వచ్చాక ఆ ప్రయాణం మీద వేసిన బొమ్మలతో 2004లో చెన్నైకి చెందిన తారా బుక్స్ ‘ది లండన్ జంగిల్ బుక్’ అచ్చువేసింది. అందులో విమానం రెక్కలున్న ఏనుగు. భూమి కింద నడిచే రైలు పాములా పోయే పురుగు. లండన్ పెద్ద గడియారం కోడిపుంజుతో కలిసిపోయింది, ఎందుకంటే మన ఊళ్ళో పొద్దు చెప్పేది పుంజే. తాను రోజూ ఎక్కిన 30వ నంబరు బస్సు నమ్మకమైన కుక్క. వాళ్ళ దేశం వాడైన ఎల్విన్ పాటన్‌గఢ్ వచ్చి భజ్జు తాతల గురించి రాశాడు. భజ్జు తాత ఆ ఎల్విన్ దగ్గర పనిచేసినవాడే. ఇప్పుడు మనవడు వాళ్ళ ఊరు పోయి వాళ్ళ గురించి చెప్పాడు. చదివి నవ్వుకున్నాను. కానీ ఆలోచిస్తే ఇది పాత ప్రధాన్ చేసినపనే. దూరం నడిచి యజమాని ఇంటికి పోవడం, చూసినదాన్ని మనసులో మోసుకురావడం, మన ఊరివాళ్ళకు తెలిసిన జంతువుల పోలికతో దాన్ని చెప్పడం. భజ్జుకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు.

గొంతును బొమ్మలో ఎలా చూపాలన్నది ఇంకా కష్టమైన పని. దుర్గాబాయి, ఆమె భర్త సుభాష్ వ్యామ్ కలిసి డాక్టర్ అంబేద్కర్ జీవితం మీద బొమ్మలు వేసిన ‘భీమాయన’ 2011లో వచ్చింది. బొమ్మల కథల పుస్తకాల్లో పేజీని చతురస్రాల పెట్టెలుగా కోస్తారు. వీళ్ళు మనుషుల్ని పెట్టెల్లో బంధించడానికి ఒప్పుకోలేదు. పేజీ అంతటా దిగ్నా వంకలు పారుతాయి, ఆ వంకల మధ్య కథ నడుస్తుంది. మాటల బుడగలు చూడండి. మెత్తగా మాట్లాడేవాళ్ళ మాట పిట్ట ఆకారంలో ఉంటుంది. అంటరానితనంతో కుట్టే మాటకు తేలు కొండి ఉంటుంది. మనసులో అనుకునే మాటకు కన్ను ఉంటుంది. దాహం వేసిన పిల్లవాడికి నీళ్ళు ఇవ్వని కథ అది. చదవడం రాని అవ్వ కూడా పేజీ చూసి ఏ మాట కుట్టిందో, ఏ మాట కడుపు నింపిందో చెప్పగలదు. గొంతు మారితే మనిషి మారతాడని తెలిసిన పాటగాళ్ళ వంశంలో పుట్టినవాళ్ళకే ఈ ఉపాయం తట్టింది. రాజుల కథలు పాడిన ప్రధాన్, ఈసారి అంబేద్కర్ కథ ఎత్తుకున్నాడు. తమను కూడా పక్కన కూర్చోబెట్టుకోని లోకం గురించి వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

పాటకూ బొమ్మకూ చుట్టరికం మన తెలుగు నేల మీదా ఉంది. కోయ డోలి కళాకారులు పడిగె అనే గుడ్డ జెండా విప్పి, దాని మీది బొమ్మలు చూపుతూ కోయ ఇలవేల్పుల కథ పాడతారు. మణుగూరు వైపు ఆ కథలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. పడిగె దగ్గర పాటా బొమ్మా పక్కపక్కనే ఉంటాయి. పాడేవాడు లేకపోతే ఆ గుడ్డను విప్పరు. పాటన్‌గఢ్‌లో జరిగింది ఇంకో రకం. పాడే చోటు పోయింది కాబట్టి పాట బొమ్మలోకి వలస వచ్చింది. రెండోదాన్ని చూసి మనం సంబరపడుతున్నాం, సరే. కానీ మొదటిది ఇంకా మన కళ్ళ ముందే ఉండగా దాన్ని కూడా వలస పోయేదాకా వదిలేయడం తెలివైన పని కాదు.

వలసకు వెల ఉంటుంది. జంగఢ్ 2001లో జపాన్‌లోని నీగాటా ప్రాంతంలో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేయడానికి వెళ్ళాడు. ఆ జూలైలో అక్కడే ప్రాణం తీసుకున్నాడు. నలభై ఏళ్ళ దగ్గరి వయసు. ఒక మనిషి చావుకు ఒకే కారణం అతికించడం తప్పు, నేను ఆ తప్పు చేయను. యువకులు ఆ చావులో గొప్పతనం వెతకకూడదు కూడా. కళాకారుడంటే బాధపడి చచ్చిపోవాలనేది సినిమా మాట. నేను చెప్పేది అతను పనిచేసిన ఏర్పాటు గురించి. పాత యజమాని ప్రధాన్‌ని తక్కువగా చూశాడు, నిజమే. కానీ ఇద్దరికీ ఒకే దేవుడు, ఒకే కథ. పాట తప్పితే ‘ఇక్కడ తప్పావు’ అనగలిగే శ్రోత అతను. కొత్త యజమానికి బొమ్మ కావాలి, ఇన్ని రోజుల్లో ఇన్ని కావాలి. ఆ బొమ్మలోని దేవుడితో అతనికి పని లేదు. ఎప్పుడూ మేళంతో, వినేవాళ్ళ మధ్య బతికిన కళను ఒంటరి గదిలో కూర్చోబెడితే దానికి ఊపిరాడదు. మన పిల్లలు రేపు పెద్ద ఊళ్ళకు బొమ్మలు వేయడానికి పోతారు. పోవాలి కూడా. జంటగా పొండి, ఒప్పందం చదివించుకుని పొండి, తిరిగి వచ్చే తేదీ రాయించుకుని పొండి అని ఉపాధ్యాయులుగా మనం చెప్పాలి.

ఇప్పుడు బాకీ సంగతి. 2023లో మధ్యప్రదేశ్ గోండు చిత్రకళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పత్రికలో చూసి మనవాళ్ళు ఫోన్లలో పంచుకున్నారు. నేనూ పంచుకున్నాను. ‘మన గోండు కళ పారిస్ దాకా పోయింది’ అన్నాం. పోయింది ఎవరి చేతుల మీద? ప్రధాన్ల చేతుల మీద. వాళ్ళూ తమను గోండుల్లో భాగంగానే చెప్పుకుంటారు, ప్రధాన్ గోండులమనే అంటారు. పేరు దగ్గర వాళ్ళు మనల్ని కలుపుకున్నారు. అన్నం దగ్గర మనం వాళ్ళను కలుపుకోలేదు. పాట పాడినన్నాళ్ళూ తమ్ముడు తక్కువవాడు. అదే పాట బొమ్మై డబ్బు, పేరు తెచ్చాక ‘మనదే’. ఆ సాయంత్రం నేను పిల్లకు చెప్పిన ‘మనదే’లో ఈ తప్పు ఉంది.

అందుకే పోయిన ఏడాది ఒక పని చేశాను. గోడ మీది జింకను పిల్లలతో కాపీ చేయించడం మానేసి, మా పక్క గూడెంలో కిక్రి వాయించే పెద్దాయనను తరగతికి పిలిచాను. “బాయీ, బడిలో నాకేం పని?” అన్నాడు. “పిల్లలకు గోదావరి దారి పాడాలి కాకా” అన్నాను. ఆయన వచ్చి గుమ్మం బయటే చాప కోసం చూశాడు. నా కుర్చీ చూపించాను. కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. గంటన్నర పాడాడు. నోటు పుస్తకాలు మూయించాను. మొదట పిల్లలు కిసుక్కున నవ్వుకున్నారు, తర్వాత ఊగారు, ఇద్దరు నిద్రపోయారు కూడా. మర్నాడు, నిన్న విన్నప్పుడు మీకు కనిపించింది వేయండి అన్నాను. ఫలానాది వేయమని చెప్పలేదు.

ముప్పై ఒక్కమందిలో నలుగురు కిక్రి వేశారు. మిగతావాళ్ళ కాగితాల్లో దారులున్నాయి. ఒక పిల్లవాడు నీళ్ళ కడవను ఊరికన్నా పెద్దగా వేశాడు. ‘ఇదే ఇంటి పిల్ల’ అని నేను మొదట చెప్పిన ఆ అమ్మాయి, కాగితం నిండా అడుగుల గుర్తులు వేసింది. వరసగా, వంకలు తిరుగుతూ, ఒక్కో అడుగు బొట్టంత. ఎవరి అడుగులని అడిగితే, “కాకా ఎన్నిసార్లు ‘నడిచిరి, నడిచిరి’ అన్నాడో అన్ని” అంది. ఆమెకు జంగఢ్ పేరు అప్పటికి తెలియదు. చుక్క ఎందుకు పుడుతుందో మాత్రం తెలిసింది. డైట్‌లో చిత్రలేఖనం తరగతిలో నాకు కుండకు నీడ వేయడం నేర్పారు. ఇది నేర్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర ఇంకొకటి జరిగింది. పెద్దాయన పళ్ళెం పట్టుకుని వరండా చివరకు పోబోయాడు. నేను పిలిచి మా బల్ల దగ్గర కూర్చోబెట్టాను. నా పక్కన కూర్చునే సహోద్యోగి ఒకరు, మనవాళ్ళే, ఆకలి లేదని లేచి వెళ్ళారు. పిల్లలు ఇదంతా చూశారు. పెద్దాయన తల వంచుకుని తిన్నాడు. వెళ్ళేటప్పుడు నాతో, “పాట వినడం తొందరగా నేర్చుకుంటారు బాయీ, పక్కన కూర్చోవడం ఆలస్యమైతది” అన్నాడు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇంతే. గోడ మీద గోండు చిత్రం వేయిస్తే మంచిదే. కింద ‘ప్రధాన్ చిత్రకారుల పద్ధతి’ అని రాయించండి. జంగఢ్ సింగ్ శ్యామ్ పేరు పిల్లలకు చెప్పండి, నన్‌కుసియా పేరు, దుర్గాబాయి పేరు కూడా చెప్పండి. కాపీ చేయించే ముందు మీ ఊళ్ళో కిక్రి, డోలి, తుడుం, పెప్రె ఏది మిగిలి ఉందో, వాయించేవాళ్ళు ఎవరున్నారో చూసి పిలవండి. వాళ్ళకు దారిఖర్చు ఇవ్వండి. కుర్చీ వేయండి. కలిసి తినండి.

మా గోడ మీది జింక ఇంకా ఉంది. వానకు రంగు కొంచెం వెలిసింది. ఈ వేసవిలో దాని పక్కన ఆ పిల్ల అడుగుల గుర్తులు వేయిద్దామనుకుంటున్నాం. కింద ఏ పేరు రాయాలో పిల్లలనే తేల్చమన్నాను. ఇంకా తేలలేదు.